మే నెలలో ఇన్సులిన్ ఆన్‌లైన్‌లో తెప్పిస్తున్నారా? ఆర్డర్ పెట్టేముందు ఇది చదవండి

ఏ యాప్ అన్నది రాయడం లేదు. డిస్కౌంట్ చూసి నెల మందులన్నీ ఒకేసారి తెప్పించుకునేవాళ్ళందరికీ ఇది వర్తిస్తుంది.

30/70 మిక్స్ ఇన్సులిన్ (త్వరగా పనిచేసేదీ, నెమ్మదిగా పనిచేసేదీ కలిసిన మందు), 3 ఎం.ఎల్. కార్ట్రిడ్జిలు (ఇన్సులిన్ పెన్నులో పెట్టుకునే గాజు గొట్టాలు) ఐదు. శుక్రవారం ఆర్డర్ పెడితే సోమవారం సాయంత్రం వచ్చింది. థర్మాకోల్ పెట్టె తెరిస్తే ఐస్ ప్యాక్ పూర్తిగా కరిగిపోయి గోరువెచ్చగా ఉంది. మందు పెట్టె కూడా చేతికి వెచ్చగానే తగిలింది.

వెంటనే ఫోన్ చేస్తే కస్టమర్ కేర్‌లో చెప్పిన మాట ఇది: "ఏం కాదండీ, ఇప్పుడు ఫ్రిజ్‌లో పెట్టేయండి, మళ్ళీ మామూలైపోతుంది." షుగరు ఉన్నవాళ్ళకి మందు అమ్మే చోట కూర్చుని ఈ మాట అనడం ఎంత ప్రమాదమో ఆ మనిషికి ఎవరూ నేర్పలేదు. వాపసు తీసుకోమంటే "ఫ్రిజ్ మందులు రిటర్న్ తీసుకోం, అది పాలసీ" అని ఫోన్ పెట్టేశారు. చల్లదనం పోతే మందు పాడవుతుందనే కదా ఆ పాలసీ? ఆ చల్లదనం పోయింది వాళ్ళ చేతుల్లోనే!

ఇన్సులిన్ ఒక ప్రొటీన్. వేడికి తగ్గిన బలం మళ్ళీ చల్లబరిస్తే తిరిగి రాదు. వాడకం మొదలుపెట్టని కార్ట్రిడ్జి 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంటేనే పెట్టె మీది ఎక్స్‌పైరీ తేదీ నమ్మొచ్చు. బయటికి తీశాక 30 డిగ్రీల లోపు అయితే ఇంచుమించు 28 రోజులు, అంతే. పొద్దున 24, రాత్రి 16 యూనిట్లు వేసుకునేవాళ్ళని తీసుకోండి. ప్రతిసారీ సూదిలోంచి మందు వస్తుందో లేదో చూసుకోవడానికి వదిలే 2 యూనిట్లు కలిపితే రోజుకి 44. కార్ట్రిడ్జిలో 300 యూనిట్లు, అంటే వారం కూడా రాదు. ఐదూ కలిపి 34 రోజులు. దారిలో వేడి తగలలేదనుకున్నా, బయట ఉన్నదాని కిందే లెక్కేస్తే చివరిది 28 రోజులు దాటాకే అయిపోతుంది. పైగా మే ఎండలో డెలివరీ బండి పెట్టె లోపల 30 డిగ్రీలే ఉంటుందని ఎవరు హామీ ఇస్తారు?

అరచేతుల మధ్య పదిసార్లు దొర్లించి, పదిసార్లు పైకీ కిందకీ వంచి చూస్తే (లోపలి గాజు పూస కదులుతూ మందుని కలపాలి), రెండింటిలో తెల్లటి పలుకులు గాజుకి అంటుకుని ఉండిపోయాయి. అవి పారేయాల్సిందే. మిగతా మూడూ పాలలా ఒకేలా కలిశాయి. నిజానికి భయపడాల్సింది వాటి గురించే. బలం తగ్గినా కంటికి తెలియదు. గ్లార్జిన్ లాంటి నీళ్ళలా ఉండే ఇన్సులిన్‌కీ ఇదే వర్తిస్తుంది: మసకబారితే పాడైనట్టే, కానీ తేటగా ఉన్నంత మాత్రాన బాగున్నట్టు కాదు.

ఇలాంటి మందు వేసుకుంటే షుగరు 300 దగ్గర తిరగొచ్చు. తిండిలో తేడా ఉందేమోనని ఇంట్లో గొడవ, ఆ తర్వాత డోసు పెంచడం. వచ్చే నెల బాగున్న కార్ట్రిడ్జి వస్తుంది, పెంచిన డోసు మాత్రం అలాగే ఉంటుంది. అర్ధరాత్రి లో షుగర్. కిడ్నీ దెబ్బతిన్నవాళ్ళలో ఇన్సులిన్ ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది. ఏళ్ళ తరబడి షుగరుతో నరాలు దెబ్బతిన్నవాళ్ళకి చెమట, గుండె దడ లాంటి హెచ్చరికలు కూడా సరిగ్గా తెలియవు. వెచ్చబడిన ఒక్క పెట్టె ఇంతదాకా తెస్తుంది.

నా పొరపాటూ ఉంది. శుక్రవారం ఆర్డర్ పెట్టకూడదు, ఆదివారం పార్సిల్ ఎక్కడో పడి ఉంటుంది. పెట్టె విప్పేటప్పుడు వీడియో తీయలేదు. రెండూ నాకు తెలిసినవే, అదే ఎక్కువ బాధ.

వేసవిలో ఇన్సులిన్ మటుకు దగ్గరి మందుల షాపులో, మీ కళ్ళ ముందు ఫ్రిజ్‌లోంచి తీసిచ్చేది కొనండి. బిల్లు మీద బ్యాచ్ నంబరు ఉండాలి. గడ్డకట్టిన ఐస్ ప్యాక్‌ని నేరుగా ఆనించి తీసుకురాకండి, ఒక్కసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక కూడా పనికిరాదు. తిండీ డోసూ మారకుండా షుగరు ఉన్నట్టుండి పెరిగితే, డోసు ముట్టుకునేముందు కార్ట్రిడ్జి మార్చి చూసి డాక్టరుకి చెప్పండి. టైప్ 1 వాళ్ళకి దాంతోపాటు వాంతులు, ఆయాసం ఉంటే ఆగొద్దు, నేరుగా ఆసుపత్రికే.

2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. యాప్‌లో రాతపూర్వకంగా పెట్టాను, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కూడా ఫోన్ చేశాను. ఆ ఐదు కార్ట్రిడ్జిలూ వాడకుండా పక్కన పెట్టాం.