మంచులో ఏది మేలు: ఏడబ్ల్యూడీ కారా, స్నో టైర్లా?

దసరా వెళ్లి దీపావళి దగ్గరపడే సమయానికి మా మిషిగన్‌లో చెట్లు ఎర్రబడతాయి, తెలుగువాళ్లు ఇద్దరు కలిస్తే ఈ ప్రశ్న వస్తుంది. "అన్నా, కొత్త కారు చూస్తున్నాం. ఇంకో రెండు వేల డాలర్లు పెట్టి ఏడబ్ల్యూడీ తీసుకోమంటారా, మామూలుది తీసుకుని స్నో టైర్లు వేయించమంటారా?" టెక్సస్ నుంచో కాలిఫోర్నియా నుంచో కొత్తగా మారినవాళ్లయితే గొంతులో కాస్త టెన్షన్ కూడా వినిపిస్తుంది. ఏడబ్ల్యూడీ అంటే ఆల్ వీల్ డ్రైవ్, ఇంజను నాలుగు చక్రాలనూ తిప్పే బండి.

నేను రెండూ నడిపాను. మొదట ఏడబ్ల్యూడీ బండి, దానికి కంపెనీ ఇచ్చిన ఆల్ సీజన్ టైర్లు, అంటే ఏడాదంతా వాడే మామూలు టైర్లు. ఇప్పుడు ముందు చక్రాలతో నడిచే క్యామ్రీ, చలికాలం నాలుగు నెలలూ స్నో టైర్లు.

మా ఇంటికి వెళ్లే దారిలో ఒక వాలు ఉంది, దాని కింద స్టాప్ సైన్. ఏడబ్ల్యూడీ కొన్న మొదటి డిసెంబరులో ఒక పొద్దున నాలుగంగుళాల మంచు పడింది. పక్కింటాయన కారు చక్రాలు గిర్రున తిరుగుతూ డ్రైవ్‌వే దగ్గరే ఇరుక్కుపోయింది. నాది మంచే లేనట్టు కదిలింది. మంచి బండే కొన్నామనుకున్నాను. వాలు దిగుతూ బ్రేకు తొక్కాను. బ్రేకు తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ కాలి కింద గరగరమంది, కారు మాత్రం నింపాదిగా స్టాప్ సైన్ దాటి, కూడలి మధ్య దాకా వెళ్లి ఆగింది. అడ్డంగా ఎవరూ రాలేదు కాబట్టి బతికిపోయాను.

ఆ తర్వాత ఆలోచిస్తే సంగతి తేలికగానే అర్థమైంది. కారు కదలడానికి ఇంజను బలం రెండు చక్రాలకు వెళుతుందా, నాలుగింటికా అన్నదే ఏడబ్ల్యూడీ తేడా. ఆపేటప్పుడు ఇంజనుతో పని లేదు. బ్రేకులు ఏ కారుకైనా నాలుగు చక్రాలకూ ఉంటాయి. అంటే ఆగడంలో నా బండికీ, పక్కింటాయన బండికీ ఏడబ్ల్యూడీ వల్ల వచ్చే తేడా ఏమీ లేదు. మలుపులోనూ దాదాపు అంతే. ఆపేదీ, తిప్పేదీ రోడ్డును పట్టుకున్న రబ్బరే. ఒక్కో టైరుకు రోడ్డు తగిలే చోటు మన అరచెయ్యంతే ఉంటుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది, నా లెక్కలో ఇదే పెద్దది. మామూలు కారు జారుడు రోడ్డు మీద కదలడానికే మొరాయిస్తుంది. 'ఇవాళ రోడ్డు బాగోలేదు, మెల్లగా పో' అని మొదటి పది అడుగుల్లోనే చెప్పేస్తుంది. ఏడబ్ల్యూడీ ఆ కబురు మన దాకా రానివ్వదు. హాయిగా నలభై మైళ్ల వేగం అందుకుంటాం. రోడ్డు ఎంత జారుతోందో తెలిసేది బ్రేకు తొక్కినప్పుడే. మంచు పడిన రోజు హైవే పక్క గుంటలో దిగబడిన బండ్లను గమనించండి, పెద్ద పెద్ద ఎస్‌యూవీలు తక్కువేం ఉండవు.

మరి స్నో టైరులో ఏముంది? కొబ్బరినూనె, నువ్వులనూనె తేడా అనుకోండి. చలికి కొబ్బరినూనె గడ్డకడుతుంది, నువ్వులనూనె జారుగానే ఉంటుంది. సుమారు 7 డిగ్రీల సెల్సియస్, అంటే 45 ఫారెన్‌హీట్ కంటే దిగితే మామూలు రబ్బరు బిగుసుకోవడం మొదలవుతుంది. స్నో టైరు రబ్బరు గడ్డకట్టే చలిలోనూ మెత్తగా ఉండేలా చేస్తారు. దానికి తోడు పైన బ్లేడుతో కోసినట్టు సన్నటి గాట్లు వందల కొద్దీ ఉంటాయి. వాటిలో మంచు ఇరుక్కుంటుంది. పిల్లలు ముద్దలు చేసేటప్పుడు మంచుకు మంచు అంటుకుంటుంది చూడండి, రోడ్డు మీదా అదే జరుగుతుంది.

టైరు పక్కన ఎం ప్లస్ ఎస్ (మడ్ అండ్ స్నో, బురద, మంచు) అని ఉంటే చాలనుకోకండి. అది టైరు మీది గాడుల ఆకారాన్ని బట్టి వేసే ముద్ర. మూడు శిఖరాల కొండ, అందులో మంచు రేకు ఉన్న గుర్తు కోసం చూడండి. అది మంచు మీద పరీక్షించాకే వేస్తారు. తమాషా ఏమిటంటే ఆ పరీక్ష కూడా కారు ఎంత బాగా కదులుతుందన్నదే చూస్తుంది, ఎంతలో ఆగుతుందన్నది కాదు. కొనేముందు బ్రేకింగ్ పరీక్షలు విడిగా చదువుకోవాలి.

ప్రభుత్వాలకు కూడా దీని మీద ఒకే మాట లేదు. సరిహద్దు అవతల కెనడాలోని క్యుబెక్ రాష్ట్రంలో డిసెంబరు 1 నుంచి మార్చి 15 వరకు స్నో టైర్లు తప్పనిసరి, ఏడబ్ల్యూడీ ఉందంటే ఒప్పుకోరు. సియాటిల్ వైపు స్నోక్వాల్మీ కనుమలో టైర్లకు చుట్టే గొలుసులు తప్పనిసరి చేసిన రోజున ఏడబ్ల్యూడీ బండ్లకు సాధారణంగా మినహాయింపు ఇస్తారు, గొలుసులు మాత్రం డిక్కీలో ఉండాలి. కొండ ఎక్కలేక దారికి అడ్డం పడే బండ్లే అక్కడి బెంగ కాబట్టి ఆ రూలూ సబబే.

ఏడబ్ల్యూడీని తీసిపారేయను. మీ డ్రైవ్‌వే నిటారుగా ఉంటే, మీ వీధిలోకి మంచు తోసే బండి సాయంత్రానికి గానీ రాకపోతే, డాక్టరో నర్సో అయ్యి ఎంత మంచు పడినా తెల్లవారకముందే బయల్దేరాల్సి వస్తే, అది కావాల్సిందే. అప్పుడు కూడా దానికి స్నో టైర్లు వేయించమనే అంటాను. రెండూ కలిస్తే ఇక ఢోకా లేదు. ఒకటే కొనగలిగితే మాత్రం నా ఓటు టైర్లకే.

డబ్బు సంగతి. విడి రిమ్ములతో నాలుగు స్నో టైర్లకు నాకు దాదాపు వెయ్యి డాలర్లయింది. అవి తిరిగే నెలల్లో మామూలు టైర్లు గరాజ్‌లో ఉంటాయి, అరగవు. కాబట్టి ఆ వెయ్యిలో కొంత తిరిగొచ్చినట్టే. ఏడబ్ల్యూడీ పెట్రోలు ఏడాది పొడుగునా కాస్త ఎక్కువ తాగుతుంది. పైగా ఒక టైరు పాడైతే మిగతా మూడూ అరిగి ఉన్నాయని నాలుగూ మార్చమంటారు.

ఆల్ వెదర్ టైర్లు, అంటే మంచుకూ పనికొచ్చేలా చేసి ఏడాదంతా ఉంచేసుకునేవి: మంచు రేకు గుర్తు ఉన్నవైతే న్యూజెర్సీ, వర్జీనియా వాళ్లకు సరిపోతాయి. పట్టు కోసం పైన చిన్న మేకులు దిగేసిన టైర్లు: ఇల్లినాయ్ లాంటి రాష్ట్రాల్లో నిషేధం, ఊళ్లో తిరిగేవాళ్లకు అక్కర్లేదు. ముందు రెండు చక్రాలకే స్నో టైర్లు వేద్దామనే పొదుపు మాత్రం వద్దు, మలుపులో కారు వెనకభాగం పక్కకు తిరిగిపోతుంది.

వేయించుకునేవాళ్లు అక్టోబరులోనే షాపులో రోజు ఖాయం చేసుకోండి. మొదటి మంచు పడ్డాక ఫోన్ చేస్తే మూడు వారాల తర్వాత రమ్మంటారు.