కాళ్లు కట్టేసే ఆ ‘ఫుట్‌వర్క్ కిట్’ జోలికి వెళ్లకండి

గోల్ఫ్ స్వింగ్‌లో, అంటే బంతిని కొట్టడానికి కర్ర ఊపేటప్పుడు, కాళ్ల కదలిక సరిచేసుకుందామని కిట్లూ బోర్డులూ వెతుకుతున్నవాళ్లు కార్డు నంబరు కొట్టే ముందు ఇది ఒకసారి చదవండి. నాకు డబ్బు పోయింది, అది ఒక ఎత్తు. ఎడమ మోకాలు ఆరు వారాలు సరిగ్గా మెట్లు దిగనివ్వలేదు, అది ఇంకో ఎత్తు.

కంపెనీ పేరు రాయడం లేదు. రాసినా పెద్ద లాభం లేదు, దాదాపు ఇదే సరుకు వేరే వేరే పేర్లతో, వేరే రంగుల్లో నాకు కనిపించింది. వస్తువు ఎలా ఉంటుందో చెబితే చాలు, మీరే పోల్చుకుంటారు. గట్టి ప్లాస్టిక్ బోర్డు, దాని మీద రెండు పాదాల అచ్చులు. ఒక్కో అచ్చుకు మడమ మీదుగా బిగించే పట్టీ. కుడికాలి కింద ఏటవాలు దిమ్మ. మోకాళ్ల చుట్టూ వేసుకునే ఎలాస్టిక్ బెల్టు. బూట్లలో పెట్టుకునే ‘స్మార్ట్’ ఇన్‌సోల్స్ జత, వాటికో ఫోన్ యాప్, ఆ యాప్‌లో వీడియో పాఠాలు.

నేనెందుకు పడ్డానో కూడా చెప్పాలి. కుడిచేతి వాటం ఆటగాణ్ణి. ఏళ్ల తరబడి నాది ఒకటే జబ్బు: బంతిని కొట్టే క్షణానికి కూడా బరువంతా కుడికాలి మీదే ఉండిపోతుంది. క్లబ్ (బంతిని కొట్టే కర్ర) బంతికి ముందే నేలను తవ్వుతుంది, లేదా బంతి నెత్తిన తగిలితే బంతి గడ్డి మీద దొర్లుకుంటూ పోతుంది. ప్రకటనలో ఒకాయన సరిగ్గా నాలాగే కొట్టాడు, బోర్డెక్కాడు, దిగాడు, బాణంలా కొట్టాడు. పక్కన గడియారం: ఆఫర్ ఇంకో పదకొండు నిమిషాలే. మరుసటి రోజు చూస్తే అదే పదకొండు నిమిషాలు మళ్లీ మొదట్నుంచి నడుస్తున్నాయి. అప్పటికే నేను కొనేశాను లెండి.

మొదటి పది రోజులు నాకు తెగ నచ్చింది, ఆ మాట దాచను. కాళ్లు బిగించి ఉంటే మనిషి ఊగడు. ఊగకపోతే సగం స్వింగ్‌తో కొట్టే చిన్న షాట్లు నిజంగానే బంతి మధ్యలో తగులుతాయి. ఇంట్లోవాళ్లకు వీడియోలు కూడా చూపించాను. బోర్డు దిగి డ్రైవర్ (ఎక్కువ దూరం కొట్టే పొడవాటి క్లబ్) పట్టుకున్నాక అసలు సంగతి తెలిసింది. బంతి దూరం తగ్గిపోయింది, కుడికాలు మాత్రం పాత చోటే అతుక్కుని ఉంది.

ఇందులో తిరకాసు ఏమిటో తర్వాత ఒక కోచ్ నిలబెట్టి చూపించాడు. మంచి ఆటగాళ్లలో పాదాల కింద ఒత్తిడి బ్యాక్‌స్వింగ్ (క్లబ్‌ను వెనక్కి, పైకి ఎత్తడం) మొదట్లోనే వెనక పాదానికి, నాలాంటి కుడిచేతి వాటానికి కుడి పాదానికి, వెళుతుంది. చేతులు ఇంకా పైకి పోతుండగానే అది ముందు పాదం (లక్ష్యం వైపున్న ఎడమ పాదం) వైపు తిరుగు ప్రయాణం మొదలుపెడుతుంది. క్లబ్ పైకి, ఒత్తిడి ముందుకు, రెండూ ఒకే సమయంలో. ఆ తర్వాత ముందుకాలు నేలను గట్టిగా తొక్కి పైకి నెడుతుంది, కుడి మడమ దానంతటదే లేస్తుంది. అంటే మడమ లేవడం తప్పు కాదు, పని జరిగిందనడానికి గుర్తు. ఈ బోర్డు చేసేదేమిటి? ఆ మడమనే కట్టేస్తుంది!

గోల్ఫ్ దిగ్గజం జాక్ నిక్లాస్ బ్యాక్‌స్వింగ్‌లో ఎడమ మడమ లేచేది. ఆయన గెలిచిన మేజర్లు (గోల్ఫ్‌లో అన్నిటికంటే పెద్ద టోర్నీలు) 18. ఆ మేజర్లలో ఒకటైన మాస్టర్స్‌ను 2022, 2024లో గెలిచిన స్కాటీ షెఫ్లర్ కొట్టేటప్పుడు కుడికాలు వెనక్కి జారిపోతూ ఉంటుంది. చూస్తుంటే పడిపోతాడేమో అనిపిస్తుంది. వాళ్లలా ఆడమని కాదు నేను చెప్పేది. ‘ప్రపంచ స్థాయి ఆటగాళ్ల పాదాలు కదలవు’ అని ఆ వీడియో పాఠంలో కుండబద్దలు కొట్టినట్టు చెబుతారు చూడండి, ఆ మాట పచ్చి అబద్ధం.

ఇక మోకాలు. ఎడమ పాదం అచ్చులో నిటారుగా, బంతి వెళ్లాల్సిన గీతకు సరిగ్గా అడ్డంగా ఇరుక్కుని ఉంటుంది. తుంటి మాత్రం లక్ష్యం వైపు తిరగాలి. పాదం తిరగదు, తుంటి తిరుగుతుంది, మధ్యలో నలిగేది మోకాలు. చాలామంది ముందుకాలి వేళ్లను కాస్త బయటికి తిప్పి నిలబడేది అందుకే. నాకు మూడో వారంలో లోపలివైపు సన్నగా గుచ్చినట్టు మొదలైంది. ‘అలవాటు పడుతున్నారు, కొనసాగించండి’ అని యాప్‌లో జవాబు వచ్చింది. కొనసాగించాను. నా అంత తెలివితక్కువ పని చేయకండి. మోకాలి లోపల నొప్పి అంటే అలవాటు కాదు, ఆగమని చెప్పడం. ఫిజియో దగ్గర మొదటి ప్రశ్నే ‘పాదం ఎక్కడైనా బిగించి తిరుగుతున్నారా’ అని.

ఇన్‌సోల్స్ కథ ఇంకా బాగుంటుంది. ప్రతి స్వింగ్ తర్వాత యాప్ ఒక అంకె చూపిస్తుంది: ‘ముందు పాదం మీద 82 శాతం’ అని. నాకు అనుమానం ఎందుకొచ్చిందంటే, కావాలని వెనక్కి వాలి కొట్టినా 80 దాటే వచ్చేది. ఒకరోజు బూటు విప్పి చేత్తో పట్టుకుని గాల్లో ఒక్క ఊపు ఊపాను. ఫోన్ ‘అద్భుతం! 84 శాతం’ అంది. బూటులో కాలే లేదు! బల్ల మీద పెట్టి బొటనవేలితో గట్టిగా నొక్కితే ఏ చలనమూ లేదు. అంటే అది కదలికను పట్టుకునే చిన్న చిప్, ఒత్తిడిని కొలిచేది కాదు. నిజంగా పాదాల కింద ఒత్తిడి తెలియాలంటే ఫోర్స్ ప్లేట్లు, ప్రెషర్ మ్యాట్‌లు వేరే ఉంటాయి. ఆ సదుపాయం ఉన్న కోచ్ దగ్గర ఒక్క గంట నిలబడితే చాలు. మీ దగ్గర ఈ ఇన్‌సోల్స్ ఉంటే ఇదే బూటు పరీక్ష చేయండి, అర నిమిషం పని.

మోకాలి బెల్టు ‘పోటీల్లో కూడా కట్టుకోవచ్చు’ అని పెట్టె మీదే అచ్చేశారు. గోల్ఫ్ నియమాల్లో 4.3 చూడండి. స్వింగ్ సాధన కోసం చేసిన పరికరం రౌండ్ మధ్యలో వాడి లాభం పొందితే స్ట్రోక్ ప్లేలో (మొత్తం ఎన్ని దెబ్బలు కొట్టారో లెక్కేసే పోటీ) మొదటిసారికి రెండు స్ట్రోకుల జరిమానా, రెండోసారికి పోటీ నుంచి బయటికే. అదృష్టం కొద్దీ నేను కట్టుకుని వెళ్లలేదు.

తిప్పి పంపుదామంటే? ‘30 రోజుల్లో నచ్చకపోతే డబ్బు వాపస్’ అని పేజీ మీద పెద్దక్షరాలు. కింద ఇంకో పేజీలో చిన్నక్షరాలు: ఒంటికి తగిలే వస్తువులు, సీలు తీసినవి వాపసు తీసుకోరట, శుభ్రత కారణాల వల్ల. ఇన్‌సోల్స్ ఒంటికి తగిలేవే. బోర్డు, ఇన్‌సోల్స్ ఒకే సీలులో వస్తాయి. సీలు తీయకుండా నచ్చిందో లేదో ఎలా తెలుస్తుందని అడిగితే, నా అభిప్రాయం విలువైనదని జవాబిచ్చారు. నాలుగు మెయిళ్లకు అదే వాక్యం, కామా కూడా మారలేదు.

ఇలాంటిది ఏదైనా కొనాలనుకుంటే నేను ఇప్పుడు చూసేది ఒక్కటే. ఆ వస్తువు పాదాన్ని కదలనిస్తుందా, కదలకుండా ఆపుతుందా? ఆపేదైతే అక్కడితో వదిలేస్తాను. వాపసు షరతులు కొనే ముందే పూర్తిగా చదువుతాను, చిన్నక్షరాలతో సహా.

నాకు పనికొచ్చినదానికి ఖర్చే లేదు. రెండు పాదాలూ దగ్గర పెట్టుకుని నిలబడి, క్లబ్ పైకి పోతుండగా ఎడమకాలు లక్ష్యం వైపు ఒక అడుగు వేసి కొట్టడం. మొదట్లో బంతి తగలదు, పక్కవాళ్లు చూసి నవ్వుతారు కూడా. అడుగు ముందు పడుతుంది, క్లబ్ తర్వాత దిగుతుంది, ఆ వరస ఒంటికి పట్టేదాకా సగం వేగంతోనే. మోకాలు బాగున్నవాళ్లే చేయండి. నేను చెప్పుల్లేకుండా గడ్డి మీద చేసేవాణ్ణి, కుడి బొటనవేలు నేలను తోసేది అలాగైతే బాగా తెలిసింది.

ఇప్పటికే ఈ కిట్ కొన్నవాళ్లకు ఒక ముఖ్యమైన సంగతి. యాప్ పాఠాలు మొదటి నెల ఉచితం, తర్వాత నెలనెలా కార్డు నుంచి డబ్బు కోత పడుతుంది. యాప్ ఫోన్‌లోంచి తీసేసినంత మాత్రాన ఆగదు. ముందు బ్యాంకుకు చెప్పి ఆటో పేమెంట్ ఆపించండి, ఆ తర్వాతే వాళ్లకు మెయిల్ రాయండి. నేను ముందు మెయిల్ రాశాను. జవాబు వచ్చేలోపు ఇంకో నెల డబ్బు పోయింది.