లేనా ఓబర్‌డోర్ఫ్ ఆట: రీల్స్ చాలా? మ్యాచ్ మొత్తం చూడాలా?

జర్మనీ ఫుట్‌బాల్ మిడ్‌ఫీల్డర్ లేనా ఓబర్‌డోర్ఫ్ రీల్స్ చూసినవాళ్లు తరచూ అడిగే మాట ఒకటే: "నాలుగు టాకిళ్లు (ఎదుటివాళ్ల కాళ్ల దగ్గర బంతి లాక్కోవడం) తప్ప ఏమీ కనబడలేదు. 2022 మహిళల యూరో కప్‌లో ఉత్తమ యువ క్రీడాకారిణి అవార్డు ఈమెకెందుకిచ్చారు?" ఆమె ఆటలో చాలా భాగం ఆ రీల్‌లోకి రాదు కాబట్టి ఈ అనుమానం రావడం సహజం.

లెక్క చూడండి. టీవీ ఫ్రేమ్ 16:9. దాన్ని ఫోన్ కోసం 9:16 నిలువుగా కోస్తే మిగిలే వెడల్పు మూడో వంతుకన్నా తక్కువ. ఎడిటర్ ఆ ముక్కను బంతి మీదే ఉంచుతాడు. ఫార్వర్డ్‌కు దీనివల్ల పెద్ద నష్టం లేదు, ఆమె గొప్పతనం బంతి దగ్గరే ఉంటుంది. ఓబర్‌డోర్ఫ్ ఆడేది డిఫెన్స్‌కు ముందు, నంబర్ సిక్స్ స్థానంలో. ఫుల్‌బ్యాక్ (అంచున ఆడే డిఫెండర్) పైకి పోతే ఆ ఖాళీలోకి జరగడం, ఎదుటి మిడ్‌ఫీల్డర్‌కు పాస్ వెళ్లే దారిలో నిలబడి ఆ పాస్ అసలు పుట్టకుండా చేయడం, ఇదంతా బంతికి పదిహేను ఇరవై మీటర్ల అవతల జరిగే పని. కోతలో ముందు పోయేది అదే. నా దృష్టిలో తేల్చే విషయం ఇదొక్కటే.

అలాగని రీల్స్ దండగ కాదు. టాకిల్ నేర్చుకునేవాళ్లకు స్లో మోషన్ బంగారం. కాలు చాపకముందే భుజం ఎదుటి మనిషికీ బంతికీ మధ్యకు ఎలా వెళ్తుందో ఆపి ఆపి చూడొచ్చు. తేదీ మాత్రం సరిచూసుకోవాలి. ఆమె పాత క్లబ్ వోల్ఫ్స్‌బుర్గ్ జెర్సీ ఉంటే అది 2024 వేసవికి ముందు ఆట. ఆ జులైలో బాయర్న్ మ్యూనిక్ క్లబ్‌కు మారే సమయంలోనే, ఆస్ట్రియాతో మ్యాచ్‌లో మోకాలి లిగమెంట్ తెగి పారిస్ ఒలింపిక్స్‌కు దూరమైంది. ఆడని నెలల్లో కూడా పాత క్లిప్పులు కొత్తవాటిలా తిరుగుతూనే ఉన్నాయి. వాటిని చూసి ప్రస్తుత ఫామ్ అంచనా వేయకండి.

పది నిమిషాల హైలైట్స్? గోల్స్ కోసమైతే సరే. గణాంకాల సైట్లలో టాకిళ్ల సంఖ్య దొరుకుతుంది, ఆమె వల్ల అసలు పుట్టని పాస్‌ల సంఖ్య దొరకదు.

కాబట్టి నా ఓటు పూర్తి మ్యాచ్‌కే. తొంభై నిమిషాలు కుదరకపోతే 2023 మహిళల చాంపియన్స్ లీగ్ ఫైనల్ రెండో సగం చాలు. ఐండ్‌హోవెన్‌లో వోల్ఫ్స్‌బుర్గ్ సగానికి 2-0తో ముందుంది. విరామం తర్వాత బార్సిలోనా మిడ్‌ఫీల్డర్ పాట్రి గిహారో 48, 50 నిమిషాల్లో రెండు గోల్స్ కొట్టింది. చివరికి 3-2తో బార్సిలోనా గెలిచింది. వెనుక నుంచి పెనాల్టీ బాక్స్‌లోకి పరుగెత్తుకొచ్చే మిడ్‌ఫీల్డర్‌ను ఆపడం ఎంత కష్టమో ఆ రెండు నిమిషాల్లో తెలుస్తుంది.

చూసేటప్పుడు ఫోన్ అడ్డంగా తిప్పండి. మొదటి పదిహేను నిమిషాలు బంతిని వదిలేసి వోల్ఫ్స్‌బుర్గ్ 5 నంబర్‌నే, అంటే ఓబర్‌డోర్ఫ్‌నే చూడండి. పాస్ అందుకునే ముందు భుజం మీదుగా ఎన్నిసార్లు వెనక్కి చూస్తుందో లెక్కపెట్టండి. తర్వాత ఆ రెండు గోల్స్‌కూ పది సెకన్లు వెనక్కి వెళ్లి, బొమ్మ ఆపి, ఆమెకూ గిహారోకూ మధ్య దూరం ఎంతుందో చూసి మళ్లీ నడపండి.