గురక కన్నా ముందు వాసన తెలిసింది

అడినాయిడ్స్ (ముక్కు వెనకాల ఉండే మెత్తటి కండ) వల్ల వచ్చే గురకకని ఈఎన్‌టీ డాక్టరు రాసిచ్చిన మొమెటాసోన్ అనే స్టెరాయిడ్ ముక్కు స్ప్రే ఇది. కొన్ని వారాలు వాడాక మా ఆరేళ్లవాడు బడి నుంచి వస్తూ మెట్ల మీదే ఆగిపోయి, "అమ్మా, ఎవరింట్లోనో చేపల పులుసు!" అన్నాడు. అంతకుముందు వంటింట్లో పప్పు మాడినా వాడికి తెలిసేది కాదు. ముద్ద నములుతూ నములుతూ ఊపిరి కోసం ఆగి నోరు తెరిచేవాడు. దాన్ని మా అత్తయ్య మారాం అనేవారు. ఇప్పుడు నోరు మూసుకుని కంచం ఖాళీ చేస్తున్నాడు. గురకా తగ్గింది, పక్క గదిలోకి వినపడటం లేదు.

"స్టెరాయిడా! పిల్లాడు ఎదగడం ఆగిపోడూ?" అని అత్తయ్యకి ఒకటే టెన్షన్. ఒక్కో పఫ్‌కి 50 మైక్రోగ్రాములే, రోజుకోసారి ఒక్కో ముక్కులో ఒక్కటి, రక్తంలోకి చేరేది చాలా తక్కువ అని డాక్టరు చెప్పాక కాస్త నెమ్మదించారు. అయినా గోడ మీద గీత గీసి ఎత్తు చూస్తూనే ఉన్నారు. చూడమనే డాక్టరు కూడా అన్నారు.

నా కోపమల్లా ఒక్కటే. చీటీ రాసినవాళ్లు గానీ, మందు ఇచ్చినవాళ్లు గానీ ఎలా కొట్టాలో చూపించలేదు. మొన నిటారుగా పెడితే మందంతా ముక్కు మధ్య గోడకే తగులుతుందట. ఓ పొద్దున్న దిండు గలీబు మీద రక్తపు మరకలు! తర్వాత ఒక నర్సమ్మ చూపించింది: తల కొంచెం ముందుకు వంచి, కుడి ముక్కుకి ఎడమ చేత్తో, మొన కుడి చెవికేసి తిప్పి కొట్టాలి; ఎడమ ముక్కుకి దీనికి తిరకాసుగా. గట్టిగా ఎగపీల్చకూడదు. ఆ తర్వాత రక్తం రాలేదు.

అయితే మేం రోజూ సెలైన్ (ఉప్పునీటి స్ప్రే) కూడా కొట్టేవాళ్లం, కాబట్టి ఘనతంతా దీనిదేనని చెప్పలేను. మెల్‌బోర్న్‌లో 276 మంది పిల్లల మీద చేసిన పరిశోధన 2023లో వచ్చింది. ఆరు వారాలకి ఈ మందు వాడినవాళ్లలో 44 శాతం, ఉత్త ఉప్పునీటి స్ప్రే వాడినవాళ్లలో 41 శాతం మందికి ఇబ్బంది పోయిందట. పెద్ద తేడా ఏముంది? పైగా వానల్లో జలుబు పట్టగానే మావాడి గురక మళ్లీ మొదలైంది, అదీ స్ప్రే కొడుతుండగానే.

మావాడికి ఎక్స్‌రేలో అడినాయిడ్స్ మరీ పెద్దవిగా లేవు, నిద్రలో ఊపిరి ఆగడమూ లేదు. మా చెల్లి కూతురు ఊపిరందక ఉలిక్కిపడి లేచేది, దానికి ఆపరేషనే చేయించారు. మేమిప్పుడు మొమెటాసోన్ ఆపి సెలైన్‌తోనే నెట్టుకొస్తున్నాం. చలికాలం చూసి మళ్లీ మొదలుపెట్టాలో లేదో చెబుతామని డాక్టరు అన్నారు.