టాటా ఏస్ బాడీలోకి 12 ఎంఎం రబ్బర్ మ్యాట్: సరుకు ఓకే, కటింగ్ మాత్రం మనమే చేసుకోవాలి

బెజవాడ ఆటోనగర్లో కొన్నాను, డెయిరీ షెడ్లలో గేదెల కింద వేసే నల్ల మ్యాట్టే ఇది, 6 బై 4 అడుగుల సైజు, పైన గరుకు, కింద నీళ్లు పారే గాళ్లు. ఒక్కోటి రెండు వేల పైచిలుకు పడింది. బరువు ముప్పై అయిదు కిలోల దాకా ఉంటది కాబట్టి ఒక్కరే ఎత్తుదాం అనుకోకండి, నడుం పట్టేస్తది.

ఏస్ బాడీ సుమారు ఏడు బై అయిదు అడుగులు కదా, ఒక మ్యాట్ సరిపోదు. రెండిటినీ అడ్డంగా పరిచి ఆరడుగుల వైపు అయిదుకి కోస్తే సరిగ్గా కూర్చుంటయి, రెండోదాన్ని బండి పొడవు వైపు కూడా ఇంకో అడుగు తగ్గించాలి. షాపు కుర్రాడు గ్రైండర్ పెట్టి కోసిచ్చాడు, ఒకటే పొగ, కంపు, అంచు చూస్తే ఎలక కొరికినట్టుంది, ఇంకోటి వద్దు బాబూ అని ఇంటికి తెచ్చుకుని నేనే కోసుకున్నా.

కటింగ్‌కి కావాల్సింది పెద్ద కట్టర్, కొత్త బ్లేడ్లు, నిటారు ఇనప పట్టీ, సబ్బు నీళ్లు, అంతే. ముందు ఎండలో పరిచి చుట్ట వంపు పోనివ్వాలి. గీత గీసి కింద చెక్కముక్క పెడితే కోత నోరు తెరుచుకుంటది, సబ్బునీళ్లు చల్లుతూ పైపైన నాలుగైదు సార్లు లాగితే చాలు, ఒక్క దెబ్బకి తెగాలని బలం పెడితే బ్లేడ్ విరిగి చేతిలోకొస్తది. సైజు మరీ టైటుగా కొయ్యొద్దు, బెజవాడ ఎండకి రబ్బరు సాగి మధ్యలో ఉబ్బుద్ది, అంచుల్లో అర వేలు గ్యాప్ ఉంచండి.

బిగించడానికి అందరూ సెల్ఫ్ స్క్రూలు కొట్టించుకుంటారు, నాకస్సలు నచ్చదు, ప్రతి కన్నం దగ్గరా తుప్పు మొదలవుద్ది. గమ్ము పూస్తే ఇంకా ఘోరం, కిందకి చేరిన నీళ్లు బయటికి రావు. దాని బరువుకి అదే కదలదు, క్యాబిన్ వైపు ఉన్న కన్నాల్లోనే పెద్ద వాషర్లేసి రెండు బోల్టులు బిగించి వెనక వైపు వదిలేశా, ఎత్తి కడుక్కోవచ్చు. గాళ్లు మాత్రం వెనక డోర్ వైపు పారేలా వేసుకోండి. సిమెంటు బస్తాలు, గ్యాస్ సిలిండర్లు ఇప్పుడు జారట్లేదు, మోత కూడా తగ్గింది.

మిగిలిన ముక్కల్ని షెడ్డులో వైస్ దగ్గర నిలబడే చోట వేశా, కాళ్లకి హాయిగా ఉంది కానీ డీజిలు, ఆయిలు పడే చోట వెయ్యకండి, మామూలు రబ్బరు ఉబ్బి మెత్తబడిపోద్ది, దానికి నైట్రైల్ రబ్బరుది వేరే దొరుకుద్ది. క్యాబిన్లో డ్రైవర్ కాళ్ల దగ్గర కూడా వద్దు, మ్యాట్ జరిగి యాక్సిలరేటర్ ఇరుక్కుంటదనే 2009లో టొయోటా అమెరికాలో దాదాపు 38 లక్షల బండ్లకి రీకాల్ ఇచ్చింది. కరెంటు ప్యానెల్ ముందు వేసుకునేవాళ్లు ఐఎస్ 15652 (కరెంటు ఆపే మ్యాట్ల ప్రమాణం) అని ముద్ర ఉన్నదే తీసుకోండి, ఈ నల్లదాంట్లో కార్బన్ ఉంటది, కరెంటు పారొచ్చు, దీన్ని నమ్ముకుని ప్యానెల్ మీద చెయ్యెయ్యలేం.

వాసన మొదట్లో బాగా కొట్టింది, తర్వాత తగ్గింది. కొనేటప్పుడు మూల ఒకటి పూర్తిగా మడిచి చూడండి, పగుళ్లు కనిపించినా పొడి రాలినా షాపోడు ఎంత తగ్గించినా వద్దనండి.