పైలట్ కోర్సు కౌన్సెలింగ్: విని రండి, అడ్వాన్సు మాత్రం కట్టకండి

తిరుపతి బస్టాండుకి దగ్గర్లో, రెండో అంతస్తులో ఉన్న ఒక కన్సల్టెన్సీ గురించి, పేరెందుకులెండి. ఇంటర్ ఎంపీసీ అయిన మా తమ్ముణ్ణి తీసుకెళ్ళాను, రేణిగుంట దారిలో విమానం దిగుతుంటే బండి పక్కకాపి చూసే రకం వాడు. ఐదుకి రెండున్నర ఇస్తున్నా, ఆ అర కాఫీకి.

"అమెరికా అయితే పది నెలల్లో సీపీఎల్ చేతికొస్తుందన్నా" అని అక్కడి కౌన్సెలర్ క్యాలిక్యులేటర్ మావైపు తిప్పాడు. సీపీఎల్ అంటే కమర్షియల్ పైలట్ లైసెన్సు. ఇక్కడికొచ్చాక ఇండియా లైసెన్సుగా మార్చుకునే ఖర్చు, ఆ తర్వాత ఫలానా రకం విమానం నడపడానికి తీసుకునే టైప్ రేటింగ్, ఇవన్నీ ఇందులో ఉన్నాయా అని అడిగితే అంకెలు చెరిపేసి మళ్ళీ మొదలెట్టాడు. అక్కడే నాకు సగం అర్థమైంది.

అమెరికా విమానయాన నిబంధనల్లో పార్ట్ 61 అని, పార్ట్ 141 అని రెండు దారులు. 61లో మన వీలునిబట్టి నేర్చుకోవచ్చు గానీ సీపీఎల్‌కి 250 గంటలు ఎగరాలి, 141లో సిలబస్ ప్రకారం 190తో అయిపోతుంది, పైగా స్టూడెంట్ వీసా మీద వెళ్ళేవాళ్ళకి ఈ 141 స్కూలే దిక్కు. 190 అంటే చవకే కదా అన్నాడాయన. ఇక్కడ లైసెన్సులిచ్చే మన ప్రభుత్వ సంస్థ డీజీసీఏ అడిగేది 200 గంటలు స్వామీ! తక్కువైన పదీ ఎవరు ఎగరాలి, ఎవరు కట్టాలి? ఇక్కడి పరీక్షలు, స్కిల్ టెస్టు ఎలాగూ తప్పవు.

ఇండియాలోనే చేస్తే ఈ మార్పిడి గొడవ ఉండదు, కానీ మబ్బు పట్టినా, విమానం రిపేరుకెళ్ళినా కూర్చోవాల్సిందే. అందుకే స్కూల్లో ఎన్ని విమానాలున్నాయని కాదు, పోయిన నెల ఒక్కో స్టూడెంటు ఎన్ని గంటలు ఎగిరాడని అడగండి. ఎయిర్‌లైనే ఎంపిక చేసుకుని శిక్షణ ఇప్పించే క్యాడెట్ ప్రోగ్రాం ఫీజు వినగానే మా నాన్న లేచి నిలబడ్డాడు, దాని గురించి ఇంక మాట్లాడలేదు.

ఆయన చెప్పనిది, అసలు ముందు చెప్పాల్సింది మెడికల్, అంటే పైలట్లకి చేసే ఆరోగ్య పరీక్ష. క్లాస్ 2, ఆ తర్వాత క్లాస్ 1. కళ్ళద్దాలున్నంత మాత్రాన కాదనరు, రంగులు సరిగా గుర్తుపట్టలేకపోతేనే చిక్కు. అది తేలకుండా లక్షలు కట్టేదేంది? తమ్ముడు ఇప్పుడు ఇంట్లోనే డీజీసీఏ పరీక్షలకి మెటియరాలజీ (వాతావరణ శాస్త్రం), నావిగేషన్ చదువుతున్నాడు, పేపరుకి 70 శాతం రావాలి.

ఆ ఆఫీసు నుంచి మాత్రం ఇప్పటికీ ఫోన్లొస్తున్నాయి, ప్రతిసారీ సీట్లు రెండే మిగిలాయంట.