బడులు తెరిచే ముందు ఎమ్మెల్యే కార్యాలయం పంచిన పుస్తిక: ఒక సమీక్ష

వేసవి సెలవులు ముగిసే ముందు మా నియోజకవర్గపు శాసనసభ్యుని కార్యాలయం ఎనిమిది పేజీల పుస్తిక ఒకటి ఒడియాలోనూ తెలుగులోనూ అచ్చు వేయించి ఇంటింటికీ పంచింది. బడి ప్రవేశాలు, ధ్రువపత్రాలు, స్కాలర్‌షిప్పులు, బడి కమిటీ సమావేశాలు, పాఠశాల భవనాల పనులు అందులోని అంశాలు. ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో తరతరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబాలకు ప్రభుత్వ సమాచారం తెలుగులో చేతికి అందడం అరుదు గనుక, దీన్ని మామూలు ప్రచార పత్రంగా పక్కన పడేయకుండా, ప్రతి పేజీనీ చదివి, చెప్పిన వాటిలో కొన్నింటిని బడి దగ్గరా కార్యాలయం దగ్గరా సరిచూసుకుని ఈ సమీక్ష రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. ప్రవేశాల గురించిన పేజీలు ప్రతి తల్లీ తండ్రీ దాచుకోదగ్గవి. తెలుగు మాధ్యమం విషయంలో మాత్రం పుస్తిక నోరు విప్పలేదు, అది చిన్న లోటు కాదు.

రెండో పేజీ రాసినవారికి సరిహద్దు కుటుంబాల కష్టం బాగా తెలుసు. ఒడిశాలో విద్యా సంవత్సరం ఏప్రిల్ మొదట్లోనే మొదలై, కొన్నాళ్లు పాఠాలు జరిగాక సెలవులు వచ్చి, జూన్ మూడో వారం ప్రాంతంలో బడులు మళ్లీ తెరుచుకుంటాయి. ఆంధ్రప్రదేశ్‌లో పాత తరగతి ఏప్రిల్ చివరిదాకా సాగి, కొత్త తరగతి జూన్ రెండో వారంలో మొదలవుతుంది. ఇచ్ఛాపురంలోనో పాతపట్నంలోనో అమ్మమ్మగారింట ఉండి చదివిన పిల్లను సెలవుల్లో ఇక్కడికి తెచ్చుకుని బడిలో వేస్తే, తోటి పిల్లలు అప్పటికే ఏప్రిల్ పాఠాలు ముగించి ఉంటారు, ఈ పిల్ల మొదటి రోజు నుంచే వెనకబడి ఉంటుంది. పుస్తిక ఈ తేడాను రెండు వరుసల పట్టికలో పక్కపక్కన చూపించి, అలా వచ్చిన పిల్లలకు జరిగిపోయిన పాఠాలు మళ్లీ చెప్పించమని ప్రధానోపాధ్యాయుణ్ణి అడగాలని తల్లిదండ్రులకు సూచించింది. ఈ మాట ఇంత తేటగా అచ్చులో చూడడం నాకు ఇదే మొదలు.

మూడో పేజీ ఇంకా విలువైనది. 2009 నాటి విద్యా హక్కు చట్టం ఐదో సెక్షన్ ప్రకారం, పిల్లలు రాష్ట్రం లోపలే బడి మారినా, రాష్ట్రం దాటి వచ్చినా, పాత బడి ప్రధానోపాధ్యాయుడు వెంటనే టీసీ ఇవ్వాలి. టీసీ రావడం ఆలస్యమైందన్న కారణంతో కొత్త బడివారు ప్రవేశాన్ని ఆపకూడదు, వాయిదా వేయకూడదు. పద్నాలుగో సెక్షన్ ప్రకారం వయసు రుజువు కాగితం లేదని కూడా వెనక్కి పంపకూడదు. ఈ రెండు సంగతులూ పెద్ద అక్షరాల్లో, గీతల చట్రంలో వేశారు. మా వీధిలో కొత్తగా దిగిన ఒక కుటుంబం పిల్లవాడిని మూడో తరగతిలో చేర్చడానికి వెళ్లినప్పుడు నేనూ తోడు వెళ్లాను. టీసీ తెచ్చాకే రమ్మన్నారు. ఆ తల్లి పుస్తికను మడత విప్పి బల్ల మీద పెట్టి, "మాస్టారూ, టీసీ తరవాత తెస్తానండి, ముందు బాబుని తరగతిలో కూకోబెట్టండి, ఇందులో ఉన్నాది సూడండి" అంది. ఆయన ఒడియా పేజీ తిప్పి నిదానంగా చదువుకుని, రిజిస్టరు తెరిచి పేరు రాసుకున్నారు. ఈ పుస్తిక మొత్తంలో ఆ చట్రం ఒక్కటే ఉన్నా నేను దీన్ని మెచ్చుకునేవాణ్ణి.

స్కాలర్‌షిప్పుల పేజీ ఆ స్థాయిలో లేదు. నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ పరీక్షను ఎనిమిదో తరగతిలో రాయాలనీ, ఎంపికైనవారికి తొమ్మిది నుంచి పన్నెండో తరగతి వరకు ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయనీ, కుటుంబ ఆదాయం ఏడాదికి 3,50,000 రూపాయలు దాటకూడదనీ సరిగానే రాశారు. కాని ఇది ప్రభుత్వ, ఎయిడెడ్, స్థానిక సంస్థల బడుల పిల్లలకే వర్తిస్తుందనీ, వాటిలోనూ కేంద్రీయ విద్యాలయాలు, నవోదయలు, తిండీ బసా చదువూ అన్నీ ప్రభుత్వమే ఇచ్చే రాష్ట్ర రెసిడెన్షియల్ బడుల పిల్లలు దీనికి అర్హులు కారనీ ఎక్కడా చెప్పలేదు. మా ప్రాంతంలో గిరిజన సంక్షేమ ఆశ్రమ పాఠశాలల్లో చదివేవారు ఎంతోమంది. ఆ ఒక్క వాక్యం లేకపోతే ఎన్ని కుటుంబాలు ఆదాయ ధ్రువపత్రం కోసం కూలి పని మానుకుని తహసీల్ ఆఫీసుకు ఊరికే తిరగవలసి వస్తుందో ఆలోచించాలి. నవోదయ ఆరో తరగతి ప్రవేశ పరీక్ష గురించి రాసిన పేరాలోనూ ఇదే లోపం ఉంది. ఏ జిల్లా నవోదయకు దరఖాస్తు చేస్తారో ఆ జిల్లాలోనే పిల్లలు ఐదో తరగతి చదువుతూ ఉండాలన్న నిబంధన, ఐదో తరగతికి సరిహద్దు అవతలి బడికి పంపే మనవంటి వారికి అన్నిటికంటే ముందు చెప్పవలసిన సంగతి.

కుల ధ్రువపత్రాల విషయం రెండు వాక్యాల్లో తేల్చేశారు. ఆంధ్రలో బీసీ జాబితాలో ఉన్న కులం ఒడిశా ఎస్ఈబీసీ (సామాజికంగా, విద్యాపరంగా వెనకబడిన తరగతుల) జాబితాలో అదే పేరుతో ఉండాలని లేదు గనుక, దరఖాస్తుకు ముందే జాబితా చూసుకోమని చెప్పి ఉండవలసింది. బడి కమిటీ గురించి రాసినది మాత్రం బాగుంది. సభ్యుల్లో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, మొత్తంలో సగం మంది స్త్రీలు ఉండాలన్న నియమాన్ని చెప్పి, సమావేశానికి తల్లులను ప్రత్యేకంగా పిలిచారు.

ఇక అసలు లోటు. ఐదు, ఆరు పేజీల నిండా ప్రహరీ గోడలు, అదనపు గదులు, ప్రారంభోత్సవాల ఫోటోలు ఉన్నాయి. గదులు కావలసినవే, కాదనను. కాని ఆ రెండు పేజీల్లో తెలుగు మాధ్యమం బడులకు ఒక పేరా చోటు దొరకలేదు. ఏ బడిలో తెలుగు ఉపాధ్యాయుల ఖాళీలు ఎన్ని ఉన్నాయి, తెలుగు పాఠ్యపుస్తకాలు ఎప్పుడు చేరతాయి, ప్రాథమిక బడిలో తెలుగులో చదివిన పిల్ల ఉన్నత పాఠశాలకు ఎక్కడికి వెళ్లాలి అన్న మూడు ప్రశ్నలకు జవాబు లేదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి గంజాం, కోరాపుట్ ప్రాంతాలతో పాటు ఇక్కడి తెలుగువారూ ఈ రాష్ట్రంలోకి వచ్చారు. మనం ఇక్కడ వలస వచ్చి ఉంటున్నవాళ్లం మాత్రమే కాదు. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకు తగిన వసతులు కల్పించేందుకు ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలని 1956లో ఏడో సవరణతో రాజ్యాంగంలో చేరిన 350ఏ అధికరణం చెబుతోంది. వీలైనంత వరకు బోధన పిల్లల మాతృభాషలో ఉండాలని విద్యా హక్కు చట్టం ఇరవై తొమ్మిదో సెక్షన్ కూడా చెబుతోంది. ఒడిశా పదో తరగతి బోర్డు పరీక్షలో తెలుగును మొదటి భాషగా రాసే వీలు నేటికీ ఉంది. చెప్పే మాస్టారు లేకపోతే ఆ వీలు కాగితం మీదే మిగిలిపోతుంది. టీసీ గురించి చట్టం సెక్షన్లతో సహా అచ్చు వేయగలిగిన కార్యాలయానికి ఈ అధికరణం తెలియదని నేను అనుకోను. ఖాళీల లెక్క బయటపెట్టి, దాని మీద శాసనసభలో ప్రశ్న వేసి, వచ్చిన జవాబును వచ్చే పుస్తికలో అచ్చు వేయడం ఒక శాసనసభ్యునికి సాధ్యమైన పని, ఆయన చేయవలసిన పని.

అచ్చు సంగతికి వస్తే, కాగితం మందంగా ఉంది, తడిచేత్తో పట్టుకున్నా చిరగదు. తెలుగు పేజీల్లో వాక్యాలు చాలావరకు సాఫీగా నడిచాయి. దరఖాస్తుల గడువు తేదీలు మాత్రం పేజీ అడుగున మరీ సన్నని అక్షరాల్లో ఉండడం వల్ల పెద్దవాళ్లు చదవలేకపోతున్నారు. మనవల చదువు చూసుకునేది చాలా ఇళ్లలో వాళ్లే.

పుస్తిక చివరి పేజీలో పిల్లల మీద హింస, బాల కార్మికత వంటి వాటికి ఫిర్యాదు చేసే 1098 నంబరుతో పాటు కార్యాలయంలో పెట్టిన సహాయ బల్ల వివరాలు ఇచ్చారు. నేను వెళ్లినప్పుడు అక్కడ కూర్చున్న అమ్మాయి తెలుగులోనే ఓపికగా మాట్లాడింది, ఒక తాతగారి చేత ఆదాయ ధ్రువపత్రం దరఖాస్తు గడి గడికీ వివరంగా చెప్పి నింపించింది. తెలుగు మాధ్యమం ఖాళీల గురించి అడిగితే, ఆ వివరాలు తన దగ్గర లేవని నిజం చెప్పి, అర్జీ రాసి ఇమ్మంది. ఇచ్చాను, అందినట్టు ముద్ర వేసి ప్రతి ఇచ్చింది. మిగిలిన తెలుగు పుస్తికలు ఆ బల్ల దగ్గరే ఉన్నాయి. ఇంటికి అందనివారు వెళ్లి అడిగి తీసుకోవచ్చు. వెళ్లినప్పుడు మీ ఊరి బడిలో తెలుగు చెప్పేవారు ఉన్నారో లేరో కూడా ఒక కాగితం మీద రాసి ఇచ్చి, ముద్ర వేయించుకుని రండి.